బయటి పేపరు

కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివేవాడికి ఆర్ట్స్ పేపరు ఎందుకని మాలో ఎవరూ గట్టిగా అడగలేదు. అడగడానికి తీరికేదీ? ఏ పేపరు తేలిగ్గా పాసవుతుందో కనుక్కోవడంలోనే మునిగిపోయాం. ఎనభైల మొదట్లో సంగతి ఇది. విశాఖపట్నంలో మా యూనివర్సిటీలో రెండో ఏడు సైన్సు విద్యార్థి ప్రతివాడూ ఆర్ట్స్ వైపు నుంచి ఒక సబ్జెక్టు ఎంచుకుని పాసవ్వాలి. దాన్ని మేము బయటి పేపరు అనేవాళ్లం. మన ఇంట్లో వండింది కాదు, పక్కింటి నుంచి వచ్చింది, ఎలాగోలా తినేసి గిన్నె కడిగి ఇచ్చెయ్యాలి అన్నట్టు ఉండేది మా వ్యవహారం.

హాస్టల్లో సీనియర్ల గదుల చుట్టూ వారం రోజులు తిరిగాం. ఆ తిరగడం చదువు మీద పెట్టి ఉంటే నాకు ఇంకో పది మార్కులు ఎక్కువ వచ్చేవి. హిస్టరీ వద్దన్నారు. తేదీలు బట్టీ పట్టాలి, ఒక్కటి జారితే మార్కు జారిపోతుంది. ఫిలాసఫీలో ఏం రాసినా తప్పని చెప్పలేరు గానీ ఒప్పని కూడా చెప్పరట. పాలిటిక్సు క్లాసు భోజనం అయిన వెంటనే, పడమటి ఎండ పడే గదిలో. సైకాలజీలో సీట్లు మొదటి రోజే అయిపోయాయి. ఆ క్లాసులో అమ్మాయిలు ఎక్కువని ఎవరో పుట్టించారు. తీరా చూస్తే అక్కడ చేరినవాళ్లందరూ మా ఫిజిక్సు వాళ్లే.

ఆఖరికి ఒక సీనియరు ఆంత్రొపాలజీ అని మా చెవిలో వేశాడు. మనుషుల గురించి చదివే శాస్త్రం అట. పరీక్ష లేదు. ఏదో ఒక కుటుంబం దగ్గరికెళ్లి, ఎవరి కొడుకు ఎవరు, ఎవరి పెళ్లి ఎవరితో అని మూడు తరాలది పటం గీసి, ఇరవై పేజీల రికార్డు రాసి ఇస్తే చాలు. చివర్న పావుగంట వైవా. పాత రికార్డు కూడా అతనే ఇస్తానన్నాడు.

నా గదిలో ఉండేవాడు సింహాచలం వాడు. అందరినీ బావా అనే పిలిచేవాడు, నన్ను మరీను. దాంతో మాకు వాడి పేరే బావ అయిపోయింది. రికార్డు మాట వినగానే మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"రికార్డంటే మనకి బయ్యమేటి బావా. ఆరేళ్లబట్టీ అదే పని గదా."

వాడన్నది అబద్ధం కాదు. మా ల్యాబుల్లో రీడింగులు వండడం అని ఒక విద్య ఉండేది. ఎంత రావాలో ముందే తెలుసు కాబట్టి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి మధ్యలో అంకెలు నింపేవాళ్లం. మరీ అతికినట్టు వస్తే అనుమానం వస్తుందని చివరి అంకె కొంచెం అటూ ఇటూ జరిపేవాళ్లం. గ్రాఫులో ఒక చుక్క గీతకి దూరంగా పడిందంటే రబ్బరు తీసేవాళ్లం. తప్పు ఎప్పుడూ చుక్కదే. గీతది తప్పయి ఉండొచ్చని బీఎస్సీలో గానీ ఎమ్మెస్సీలో గానీ నాకు ఒక్కసారైనా తోచలేదు. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. అప్పుడు మాత్రం దాన్ని తెలివి అనుకున్నాను.

ఇంత జాగ్రత్తగా తేలిక పేపరు వెతకడానికి కారణం ఉంది. అప్పుడు స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్నారు. ల్యాబులో కెమిస్టుల కోసం పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, నన్ను తీసుకుంటామన్నారు. జూన్‌లోగా అన్ని పేపర్లూ పాసైనట్టు కాగితం చూపించాలి. ఒక్కటి మిగిలిపోయినా ఆ బ్యాచి వెళ్లిపోయినట్టే. మాది ఎలమంచిలి దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. మా నాన్న ఒకసారి పట్నం వస్తూ కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దిగిపోయి, కొడుకు పనిచెయ్యబోయే చోటు ఎలా ఉందో చూద్దామని గంటసేపు ఎండలో నించున్నాడట. ఏం కనిపించిందని అడిగితే దుమ్ము అన్నాడు. ఆ మాట అంటూ ఆయన మొహంలో ఎంత సంతోషమో! కెమిస్ట్రీ పేపర్లకి నేను భయపడలేదు. ఈ బయటి పేపరు ఒక్కటే నా చేతిలో లేనిది.

మొదటి రోజు క్లాసులో మా ఎత్తులన్నీ పోయాయి. పాఠం చెప్పే మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. నేత చీర, కాళ్లకి రబ్బరు చెప్పులు. ఏజెన్సీ కొండల్లో ఏళ్ల తరబడి ఊరూరూ నడిచి తిరిగిన మనిషి. మా వైపు ఒకసారి చూసి, ఎందుకొచ్చామో తెలిసిపోయినట్టు నవ్వి, ఈ ఏడు నుంచి పద్ధతి మార్చానని చెప్పారు. సొంత కుటుంబం, చుట్టాలది రాయకూడదు. మన వాళ్లు పిల్లనిచ్చి పుచ్చుకోని ఇల్లు అయితే మరీ మంచిది. గీసిన పటం తీసుకెళ్లి ఆ ఇంటివాళ్లకే మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించాలి. వాళ్లు సరే అన్నాక పటం కింద ఇంటి పెద్ద సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అది లేని రికార్డు ఆవిడ తెరిచి కూడా చూడరు. సీనియరు ఇచ్చిన పాత రికార్డు నా పెట్టెలో అడుక్కి వెళ్లిపోయింది.

అయినా ఆ క్లాసు నాకు నచ్చింది, అనుకోకుండా. మగవాడికి త్రికోణం, ఆడమనిషికి సున్నా. పెళ్లికి రెండు అడ్డగీతలు. పిల్లలు కింద వేలాడతారు. చనిపోయినవాళ్ల మీద ఒక ఏటవాలు గీత. పరమాణువుల బొమ్మలు గీసి గీసి అలవాటైన చెయ్యి కదా, రెండు గీతలతో ఇద్దరు మనుషుల్ని కలపడం భలేగా అనిపించింది. నోట్సు అంచుల మీద మా ఇంట్లోవాళ్లందరినీ గీసుకున్నాను.

ఒకరోజు మేడమ్ ఒక్కొక్కరినీ లేపి, చిన్నాన్న కూతుర్ని ఏమంటావు, మేనమామ కూతుర్ని ఏమంటావు అని అడిగారు. ఇందులో ఏముందని నవ్వుకుంటూ చెల్లి, మరదలు అని చెప్పాం. ఎందుకు అన్నారు. నాన్న తమ్ముడూ అంత దగ్గరే, అమ్మ తమ్ముడూ అంత దగ్గరే. రక్తం లెక్క వేస్తే ఇద్దరి పిల్లలూ మనకి ఒకే దూరం. మరి ఒకర్ని చెల్లీ అంటావు, ఇంకొకర్ని పెళ్లి చేసుకుంటావు, ఏం తేడా కనిపించింది? రాత్రింబవళ్లు లెక్కలు చేసే నాకు ఈ లెక్క ఎన్నడూ ఎదురుపడలేదు. చిన్నప్పటి నుంచి మా మేనమామ కూతురి పేరు పెట్టి నన్ను ఏడిపిస్తున్నా, చిన్నాన్న కూతురి పేరు పెట్టి ఎవరూ ఎందుకు ఏడిపించలేదో నాకు తెలీదు. అదెంత ఆశ్చర్యమో ఆ పూటే తెలిసింది. జవాబు వచ్చే క్లాసులో చెప్తానన్నారు మేడమ్.

వచ్చే క్లాసుకి నేను వెళ్లలేదు. బావ మ్యాట్నీకి రమ్మన్నాడు. ఆ సినిమా ఏమిటో కూడా ఇప్పుడు గుర్తులేదు.

రికార్డుకి ఇల్లు వెతుక్కోవడం మొదలుపెట్టాను. పాత ఊళ్లో, పోర్టుకి దగ్గరగా, ఒక సాయిబు గారు ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే కొట్టు పెట్టుకుని ఉండేవాడు. అరవై ఏళ్లుంటాయి. ఆ రోజుల్లో ఇళ్లల్లోకి స్టీలు గిన్నెలు వచ్చేశాయి, ఆయనకి పని తగ్గిపోయింది. ఖాళీగా ఉన్నాడు కదా, చెప్తాడని నా ఆశ. వెళ్లి సంగతి చెబితే, మా ఇంటోళ్ల పేర్లు నీకెందుకు బాబూ అని అడిగాడు. పరీక్ష అన్నాను. పరీక్ష అనేసరికి పాపం అనిపించిందేమో, కూర్చోమన్నాడు. కూర్చుంటే కొలిమికి గాలి కొట్టే చక్రం నా చేతికిచ్చి తిప్పమన్నాడు.

నేను తిప్పుతూ అడిగాను, ఆయన గిన్నె తిప్పుతూ చెప్పాడు. కాలిన గిన్నెలో నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్క రుద్ది, దూదితో గబగబా తుడిచేవాడు. గుప్పున తెల్ల పొగ లేచి, లోపల వెండిలా తేలేది. అదేం లవణమో, ఆ పొగ ఎందుకు తెల్లగా ఉందో నాకు తెలుసు. కానీ ఆయన చేతికి ఎంత వేడికి పొడి చల్లాలో తెలుసు, నాకు తెలీదు. పేర్ల సంగతి మరిచిపోయి దాని గురించే గంటసేపు అడిగాను. ఆయనకి అది నచ్చింది. పేర్లు అడిగినప్పుడు మాత్రం మగవాళ్లవే చెప్పుకుంటూ పోయాడు. తాత, నాన్న, చిన్నాన్న, అన్నదమ్ములు. భార్య ఎవరి కూతురని అడిగితే మా చిన్నాన్న కూతురే అన్నాడు. అప్పుడు నేను ఒక చేత్తో చక్రం తిప్పుతూ, తొడ మీద నోట్సు పెట్టుకుని రాసుకుంటున్నాను. రాసుకున్నానే గానీ ఆగలేదు. ఇల్లు కొట్టు వెనకే. తలుపుకి ఉన్న తెర వెనక నుంచి ఒక చెయ్యి టీ గ్లాసు అందించింది. ఆ చేతిని తప్ప ఆవిణ్ణి నేను చూడలేదు.

హాస్టలుకి వచ్చి డ్రాయింగు షీటు మీద నల్ల సిరాతో గీశాను. నాకు ముద్దొచ్చేలా ఉంది పటం. బావ వచ్చి వంగి చూసి, ఒక చోట వేలు పెట్టాడు.

"ఈడేట్రా, సెల్లిని పెళ్లి సేసుకున్నాడు?"

చూస్తే నిజమే. త్రికోణం నుంచి రెండు గీతలు బయలుదేరి సొంత చిన్నాన్న కింద ఉన్న సున్నాకి తగిలాయి. నాకు ఒళ్లు జలదరించింది. చక్రం తిప్పుతూ రాశాను కదా, ఎక్కడో పప్పులో కాలేసి ఉంటానని అనుకున్నాను. మళ్లీ వెళ్లి అడగొచ్చు. కానీ ఒక పెద్దమనిషి దగ్గరికెళ్లి మీరు పెళ్లి చేసుకున్నది మీ చెల్లినేనా అని ఎలా అడగడం? మా ఊళ్లోనూ నాలుగు సాయిబుల ఇళ్లున్నాయి. వాళ్ల పండక్కి సేమ్యా తిన్నాను, వాళ్ల పిల్లలతో బడికి వెళ్లాను. వాళ్లలో ఎవరికి ఎవరు వరసవుతారో మేమెప్పుడూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మనలాగే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఇంకోలా ఉండొచ్చని ఊహే లేదు.

గీతకి దూరంగా పడిన చుక్కని ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. బ్లేడు తీసుకుని చిన్నాన్న కింద ఉన్న సున్నాని సుతారంగా గీకేశాను. ఆయన తల్లి పక్కన ఒక త్రికోణం పెట్టాను, మేనమామ. ఆ మేనమామ కింద భార్యని దింపాను. ఆయన తల్లికి అన్నదమ్ములున్నారో లేదో నేను అడగనే లేదు. కావాలి కాబట్టి ఒకణ్ణి పుట్టించాను. పటం ఇప్పుడు చక్కగా, మా ఇంటి పటంలాగే ఉంది.

సంతకం మిగిలింది. బావ సింహాచలం మెట్ల దగ్గర పూలమ్మే కుటుంబాన్ని రాశాడు, అంటే కూర్చుని కల్పించాడు. కింద సంతకం ఎడమ చేత్తో తనే పెట్టుకున్నాడు. నాది కూడా పెట్టెయ్యరా అన్నాను. నిజంగానే అన్నాను, దాచడం ఎందుకు. ఆ సాయిబు ఉర్దూలో పెడతాడు గదా, అది నాకేం తెలుసని తప్పుకున్నాడు. అందుకని వెళ్లాను. మంచితనం వల్ల కాదు.

రికార్డులు ఇవ్వడానికి ఆఖరి రోజు శనివారం, సాయంత్రం ఐదు. ఆ ఉదయం పదింటికి పాత ఊళ్లో బస్సు దిగాను. సాయిబు గారు కొట్టు మూసి నన్ను ఇంటి ముందున్న అరుగు మీద కూర్చోబెట్టాడు. షీటు పరిచి, వేలితో చూపిస్తూ, త్రికోణం మగ, సున్నా ఆడ అని చెప్పి చదవడం మొదలుపెట్టాను. ఆయన ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. మేనమామ దగ్గరికొచ్చేసరికి నా గొంతు దానంతటదే వేగం పెంచింది. ఆయన అక్కడ కూడా తల ఊపాడు. కాగితం మీద, అందులోనూ నల్ల సిరాతో, యూనివర్సిటీ నుంచి వచ్చిన కుర్రాడు గీశాడంటే అది సరైనదే అయి ఉంటుందని ఆయన నమ్మకం. అయిపోగానే పెన్ను అడిగాడు. ఇచ్చాను. ఆయన మూత తీశాడు. ఇంకో నిమిషంలో నా పేపరు, నా ఉద్యోగం, అన్నీ అయిపోతాయి.

తెర జరిగింది. ఆవిడ బయటికొచ్చి, తలమీద కొంగు సర్దుకుని, షీటు పక్కన కూర్చుంది. సన్నగా, భర్త కన్నా కొంచెం పొడుగ్గా ఉంది. చదువు రాదనుకున్నాను. ఆ పటం చూడ్డానికి చదువు అక్కర్లేదు కదా, నేనే కదా ఇంతసేపూ అన్నీ వేలితో చూపించింది. ఆవిడ వేలు తిన్నగా చిన్నాన్న త్రికోణం మీదికి, అంటే తన తండ్రి మీదికి వెళ్లింది.

"మాయబ్బా కింద ఏటీ నేదేటి బాబూ?"

నేను ముడుచుకుంటున్న షీటు అంచు సరిచేశాను.

"మరి నాను?"

మేనమామ కింద ఉన్న సున్నా చూపించాను. ఆవిడ దాని మీంచి గీత పట్టుకుని పైకి వెళ్లి, నేను పుట్టించిన త్రికోణం దగ్గర ఆగింది.

"ఇతనెవరు?"

ఆయన మీ నాన్నగారు అనబోయి మానుకున్నాను. చిన్నాన్న కూతురంటే చెల్లెలు అవుతుంది కదండీ, తప్పు పడిందనుకుని సరిచేశాను అని గొణిగాను. అన్నాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. ముప్పై ఏళ్లకి పైగా కాపురం చేసిన ఇద్దరు మనుషులకి, వాళ్ల అరుగు మీదే కూర్చుని, మీ పెళ్లి తప్పు అని చెప్పాను. లేచి పారిపోదామనిపించింది.

సాయిబు గారు పెన్నుకి మూత పెట్టి, కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తమలో అది వరసేననీ, చిన్నాన్న ఇంటి పిల్లని చేసుకుంటే పిల్ల కళ్లముందే ఉంటుందని పెద్దవాళ్లు మరీ ఇష్టపడతారనీ చెప్పాడు. మీలో ఎవర్ని చేసుకుంటారని నన్నడిగాడు. అత్త కూతుర్ని, మేనమామ కూతుర్ని, అక్క కూతుర్ని కూడా అన్నాను. అక్క కూతుర్నా అని ఈసారి ఆయన కళ్లు పెద్దవి చేశాడు. నువ్వు ఎత్తుకుని ఆడించిన పిల్లని చేసుకుంటావా, అది నీ కూతురు లాంటిది కాదూ అన్నాడు. మా అమ్మకి సొంత మేనమామతోనే పెళ్లయింది. ఆ ఒక్క మాటతో మా ఇల్లు ఇంకో కంటికి ఎలా కనబడుతుందో నాకు కనబడింది. ఎవరికి ఎవరు వావి, ఎవరికి ఎవరు కాదు అన్నది రక్తంలో ఎక్కడా రాసి ఉండదనీ, ఎవరి గీత వాళ్లు గీసుకుని దానికి దూరంగా పడినవాళ్లని చూసి ఒళ్లు జలదరించుకుంటారనీ తెలిసింది. నేను మ్యాట్నీకి పోయిన రోజు మేడమ్ చెప్పిన పాఠం సరిగ్గా ఇదేనని తర్వాత తెలిసి నాలిక్కరుచుకున్నాను.

ఆవిడ మాత్రం నవ్వలేదు. నవ్వుతున్న భర్తని ఒక చూపు చూస్తే ఆయన ఆగాడు.

"మాయబ్బాకి నానొక్కర్తినే. మా పిల్లలు ఆయన్ని సూణ్ణేదు. ఈ కాయితం పెద్ద సదువుల కాడికి ఎల్తాది గదా. అందులోన ఆయనకి పిల్లల్నేరని ఉంటే, ఇంక నాను నేనట్టే గదా బాబూ."

ఆవిడ చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రే పెంచాడు. పోర్టులో ఆగిన ఓడల్లోకి వెళ్లి, వంట గిన్నెలకి కళాయి వేసి వచ్చేవాడట. ఆవిడ మధ్యాహ్నం అన్నం పట్టుకుని పోర్టు గేటు దాకా వెళ్లేది. ఆయన బయటికొచ్చి, ఆ రోజు ఓడ ఏ దేశానిదో, అందులో ఎలాంటి గిన్నెలు చూశాడో చెప్తూ తినేవాడు. ఈ సాయిబు గారికి పని నేర్పింది కూడా ఆయనే. ఇదంతా ఆవిడ ఏకబిగిన చెప్పలేదు. నేను అడుగుతుంటే ముక్కలు ముక్కలుగా చెప్పింది. అప్పటికి నేను సంతకం కోసం అడగడం మానేశాను. తెలుసుకోవాలనిపించి అడుగుతున్నాను. ఆ మనిషిని బ్లేడుతో రెండు నిమిషాల్లో గొడ్రాలి మగడిలా చేసేశానన్న సిగ్గు ఒకవైపు పీకుతూనే ఉంది.

ఆ షీటునే గీకి దిద్దుతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. గీకిన చోటు కాగితం పల్చబడి వెలుగుకి తెలుస్తుంది, అక్కడ మాయబ్బాని పెట్టొద్దు అంది. వీధి చివర స్టేషనరీ కొట్టులో కొత్త షీటు కొనుక్కొచ్చాను. టైము పదకొండున్నర. అరుగు మీద బోర్లా పడుకుని గీయడం మొదలుపెట్టాను, ఈసారి ఆవిడ చెప్తుంటే. సాయిబు గారు చెప్పినప్పుడు కుటుంబమంతా త్రికోణాలే. ఆవిడ నోరు విప్పాక సున్నాలు రావడం మొదలుపెట్టాయి. ఆయన మరిచిపోయిన మేనత్తలు ఇద్దరు, విజయనగరం ఇచ్చిన చెల్లెలు, పురిట్లో పోయిన ఒదిన. పేరు పెట్టకముందే పోయిన పిల్లల్ని కూడా పెట్టమంది. పేర్లు లేవు కదమ్మా అన్నాను. పేరు లేకపోతే పుట్టనట్టా అని అడిగింది. పెట్టాను. వాళ్ల మీద ఏటవాలు గీత గీస్తుంటే ఆవిడ తల తిప్పుకుంది.

ఒక షీటు చాల్లేదు. మళ్లీ కొట్టుకి పరిగెత్తి ఇంకోటి తెచ్చి పక్కన అతికించాను. మధ్యలో ఆవిడ అన్నం పెట్టింది. నేను ఆ ఇంట్లో తిన్నాను. మా ఊళ్లో ఈ సంగతి చాలా ఏళ్లు చెప్పలేదు, అది కూడా ఒక సిగ్గే. మూడు దాటింది. పోర్టు వైపు నుంచి వచ్చే ఇనుప ఖనిజం ధూళి తడి సిరా మీద వాలకుండా సాయిబు గారు విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. పటంలో ఎక్కడా నా గీత నాకు కనిపించలేదు. మూడు చోట్ల చిన్నాన్న బిడ్డలు, ఒకచోట పిన్ని కొడుకు, ఒకచోట మేనమామ కూతురు, ఎవరికి ఏది కుదిరితే అది. మా పటం కన్నా వంకరగా, మా పటం కన్నా నిండుగా ఉంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

మొదట్నుంచి మళ్లీ చదివి వినిపించాను, ఈసారి నెమ్మదిగా. అయిపోయాక సాయిబు గారు పెన్ను తీసుకున్నాడు. మూత తీసి, పటం కింద చోటు చూసుకుని, అక్కడే ఆగి, పెన్ను భార్య చేతికిచ్చాడు. ఆవిడ చదువుకోలేదని అనుకున్నాను కదా, కుడివైపు నుంచి ఒక్కొక్క అక్షరం గట్టిగా ఒత్తుతూ రాసింది. వాళ్ల నాన్నే నేర్పాడట. ఏం రాసిందని అడిగితే ఆయన చదివి చెప్పాడు. ముందు ఆవిడ పేరు. తర్వాత ఫలానావారి కూతురు అని తండ్రి పేరు. అంతే.

నాలుగూ ముప్పావుకి రెండు షీట్లూ చుట్ట చుట్టి మేడమ్ గది ముందు నించున్నాను. పేపరు పాసయ్యాను. జూన్‌లో స్టీల్ ప్లాంటు ల్యాబులో చేరాను. వైవాలో మేడమ్ అడిగింది ఒక్కటే. పటం వేసిన తీరు గురించి కాదు, వావివరసల గురించీ కాదు. ఇంటి పెద్ద సంతకం తీసుకోమన్నాను కదా, ఇంటాయన సంతకం ఏదీ అని అడిగారు.

ఆ ప్రశ్న ఆ మధ్యాహ్నమే నేనూ అడిగాను. షీట్లు చుడుతూ, మీరు కూడా ఒక సంతకం పెట్టండి సాయిబు గారూ, లేకపోతే నా పేపరు పోతుందేమో అని బతిమాలాను. భార్య రాసిన తండ్రి పేరు చూపిస్తూ ఆయన అన్న మాటనే మేడమ్‌కి చెప్పాను.

"నానెందుకు బాబూ. ఆ కాయితం మీద నాను ఆళ్లింటి అల్లుణ్ణి."